ఏడో పెట్టె

పొదలకూరు రోడ్డులో మా ఫార్మసీ కాలేజి,
మేడ మీద చివరి గది.
ఎలుకల వాసనా ఫార్మలిన్ వాసనా
పడని తోడికోడళ్లలా చెరో మూల.

సూది వేసింది నేనే.
ఆ మందు చక్కెర వేషం కట్టుకుని లోపలికి పోతుంది.
తీపికి తలుపు తీయడమే పనిగా బతికే కణాలు
దానికీ తీశాయి.

మూడో రోజు
గ్లూకోమీటరు స్ట్రిప్పుల కోసం నేను సొరుగులు వెతుకుతుంటే
పెంచలయ్య పెట్టెల ముందు గొంతుక్కూర్చుని
"ఏడోదానికి వచ్చేసిందమ్మా" అన్నాడు.
ఎట్లా తెలుసు?
"రాత్రి నింపిన నీళ్ల సీసా తెల్లారేతలికి ఖాళీ.
ఊకకి చీమలు."
కోవూరు మిల్లు నుంచి సైకిలు మీద తనే తెచ్చిన ఊక,
గుప్పెట్లో పిండి చూపించాడు.
"నాకూ ఇట్నే మొదలైంది. ఎండలకిలే అనుకున్నా."

నలభై రెండో రోజు.
ఎలుక క్లోమం ఒక పట్టాన దొరకదు,
ప్లీహం పక్కన కొవ్వులో కలిసిపోయి
గంజి మీద తెట్టులా ఉంటుంది.
మైనంలో పోశాను. ఐదు మైక్రాన్ల మందాన కోశాను.
గోరువెచ్చని నీళ్ల మీద రిబ్బను తేలింది.
తర్వాత ఊదా రంగు, గులాబి రంగు.

సూది పడని ఎలుకలో దీవి
కళ్లంలో పోసిన వడ్ల రాశి, గుండ్రంగా, నిండుగా.
ఏడోదాంట్లో గట్టు ఎక్కడ తెగిందో తెలీదు.
కణాలుండాల్సిన చోట బొక్కలు,
మిగిలినవి ముడుచుకుని,
చుట్టూ పిలవకుండా వచ్చిన నల్ల చుక్కలు.

పొడపత్రి రసం తాగించిన గుంపు స్లైడు పెట్టాను.
"కణాలు బాగా తిరిగొచ్చాయి అని రాయి" అన్నారు సారు,
అద్దంలోకి చూడకుండానే.
లెక్కపెట్టాను. నాలుగు. ఐదోది అనుమానం.
"కొద్దిగా" అని రాశాను. కొట్టేశాను.
మళ్లీ "కొద్దిగా" అనే రాశాను.

సాయంత్రం పెంచలయ్య
చెప్పులు గడప బయట విడిచి వచ్చాడు.
"ఒకతూరి చూడొచ్చా?"
ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు వంగున్నాడు.
"ఇందులో మనదేదమ్మా?"

పెట్టె సంగతి అడుగుతున్నాడో
తన సంగతి అడుగుతున్నాడో తేల్చుకోలేక
స్లైడుని వెంట్రుకవాసి జరిపాను,
ఆ నాలుగూ ఉన్న వైపుకి.

"ఊఁ" అన్నాడు.
పోతూ పోతూ అన్నిట్లో ఊక మార్చాడు,
అలవాటున
ఏడో పెట్టెలో కూడా.