పేరు కొట్టించిన గిన్నె

పదకొండేళ్ళు మా వంటింట్లో ఒక గిన్నె ఉండేది,
మాది కాదు.
అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు:
బి. కాసులమ్మ.
ఆ పేరుగలావిడ మా వీధిలో లేదు.
కంచరపాలెం మెట్టంతా అడిగాను,
రైలు గేటు అవతల కూడా అడిగాను.
ఎవరూ నాదే అనలేదు.

హుద్‌హుద్ ఆదివారం వచ్చింది.
శనివారం రాత్రి షిఫ్టుకి షిప్‌యార్డుకెళ్ళినాయన
మంగళవారం నడిచొచ్చాడు.
నాలుగేళ్ళ మోక్షిత, కడుపులో ఏడో నెల వాడు,
నేనూ, నా కుట్టుమిషనూ.
మిషన్ని తలుపుకి అడ్డంగా జరిపి
దాని మీదెక్కి కూర్చున్నాను.
గాలి ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా
తలుపు మా ఇద్దర్నీ కలిపి తోసేది.

రేకులు లేచిపోయినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు.
కుండ మీద మూత తీసినట్టు.
పైన ఆకాశం, గంజి రంగులో.

"రండర్రా బేగి" అని
పైడమ్మత్త గోడ అవతల్నించి అరుస్తూనే ఉందట.
గోడ పడిపోయాక వినబడింది.

వాళ్ళ ఒక్క స్లాబు గదిలో పంతొమ్మిది మందిమి.
బియ్యం తడిసినోళ్ళు తడిసిన బియ్యమే తెచ్చారు.
ఒడియా ఆవిడ అటుకుల డబ్బా,
సన్నిబాబు కొట్లో పగలకుండా మిగిలిన
పధ్నాలుగు గుడ్లు.
ఎగిరొచ్చిన ఎవరిదో కిటికీ చెక్క పొయ్యిలోకెళ్ళింది,
పచ్చరంగు పొగ, కళ్ళు మండిపోయాయి,
ఏడ్చినోళ్ళెవరో పొగకేడ్చినోళ్ళెవరో తెలీలేదు.

మర్నాడు చూస్తే కొండలకి గుండు చేయించేశారు.
కరెంటు లేని ఎనిమిది రోజులు
రైల్వే క్వార్టర్ల వెనక నూతి దగ్గర
బిందెలు మా కంటే ముందే లేచి వరసలో నిలబడేవి.
మోక్షిత మాత్రం ఒకటే అడిగేది:
"అమ్మా, మనింటికి మూతెప్పుడు పెడతారు?"

ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళే రోజు
సామాన్లన్నీ గచ్చు మీద పరిచి
పేర్లు చదివి పంచుకున్నాం.
మా మేనమామ చదివించిన గిన్నె దొరకలేదు.
ఇది మిగిలింది.
"తీస్కెల్లమ్మా, నీల్లోసుకునే పిల్లవి,
వొచ్చి అడిగితే ఇచ్చీగలవు" అంది పైడమ్మత్త.

అందరి పిల్లలూ అమ్మ, ఆవు అని చదివితే
నా కూతురు కూడబలుక్కుని చదివిన మొదటి మాట
కాసులమ్మ.
చుక్కల మీద వేలు పెట్టి,
దీర్ఘం దగ్గర కాస్త ఆగి.
సంక్రాంతి ముందు పుట్టినవాడు
పళ్ళొచ్చే రోజుల్లో ఆ అంచే కొరికాడు,
నడకొచ్చాక నేలకేసి కొట్టి సొట్ట పెట్టాడు,
వంట నేర్చుకుంటానని ఇప్పుడు అడుగుతాడు:
"అమ్మా, రెండు కాసులమ్మల నీళ్ళు చాలా?"

మొన్న మే నెల్లో సాయంత్రం
ఒక గాలివాన.
దానికి పేరు కూడా లేదు.
అరగంట కొట్టి పోయింది.
సందు చివర కొత్తగా దిగినోళ్ళ రేకుల మీద
బాదం చెట్టు పడింది.
పొయ్యి, మంచం, గిన్నెలు అన్నీ దాని కింద.
లోపల బాలింత; మనుషులకేం కాలేదు.

మూణ్ణెల్లుగా నాతో సరిగ్గా మాట్లాడని మోక్షిత,
గది తలుపు నా మొహమ్మీదేసుకునే మోక్షిత,
నన్నడక్కుండానే అన్నం వార్చి
చారు పోసి, పళ్ళెం మూతేసి
చీకట్లో సెల్లు లైటు నోట కరుచుకుని వెళ్ళింది.
ఉత్త చేతుల్తో వచ్చింది.

"గిన్నేదే?"
"వాళ్ళకి ఏమీ మిగల్లేదమ్మా."
"అది మనది కాదే!"
"కాదు కదా" అంది,
తడిసిన జడ విప్పుకుంటూ,
"అందుకే ఇచ్చేశాను."

నాకు కోపమే వచ్చింది, నిజం చెప్పాలంటే.
రాత్రి చాలాసేపటిదాకా పోలేదు.

ఆ బాలింత రోజూ కనబడుతుంది,
నవ్వి, తలొంచుకుని వెళ్ళిపోతుంది.
ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని
వాళ్ళమ్మ కూడా చెప్పే ఉంటుంది.
వెయ్యడానికేదో ఒకటి ఉండాలిగా.

నీళ్ళు ఉజ్జాయింపుగా పోస్తున్నాను.
ఇవాళ అన్నం మెత్తనైపోయింది.
ఎవరూ ఏమీ అనలేదు.