టికెట్ పుస్తకంలో లేని గళ్లు

మూలపాడు గేటు దగ్గర నా కుర్చీ.
మూడు కాళ్లు డిపార్టుమెంటువి,
నాలుగోది నేను పెట్టుకున్న ఇటుక.

ఆదివారం ఐదున్నరకే పటమట నుంచి కార్లొస్తాయి,
కార్ల నెత్తిన సైకిళ్లు.
సైకిల్ని కారెక్కించి తెచ్చేవాళ్లని చూస్తే
మొదట్లో నవ్వొచ్చేది.
పెద్దలకి ముప్పై, పిల్లలకి పది,
సైకిలుకి యాభై, కెమెరాకి వంద.
చింపి ఇస్తాను.
మంచివాళ్లే. చెత్త సంచిలో వేసుకుని దిగుతారు.
ఒకాయనకి గుండెలో స్టెంటు వేశారట,
మొదటి వాగుదాకా నడిచి, నీళ్లు లేని వాగు పక్కన
కాసేపు కూర్చుని
ఈ వారం కూడా వచ్చానయ్యా అని చెప్పి పోతాడు,
నేనేదో హాజరు వేసేవాడిలాగా.

నాంచారమ్మ వస్తే ఏ గడి నింపను?
నెత్తి మీద గుడ్డ చుట్ట, చేతిలో కొడవలి లేదు,
కిందటేడు మేమే లాక్కున్నాం.
"ఆళ్లు ఊరికే తిరగటానికి డబ్బులు కడతన్నారు,
నేను పనిమీద పోతన్నా,
లెక్క ప్రకారం నాకే మీరియ్యాల" అంటుంది.
సీతాఫలాల రోజుల్లో
ఇటుక పక్కన రెండు కాయలు పెట్టి పోతుంది.
లంచమా, పలకరింపా?
దానికీ గడి లేదు.

కొండపల్లి బొమ్మలాయన మాత్రం
ముప్పై కట్టి, పొణికి చెట్టుని చూడటానికే వచ్చాడు.
బెరడు మీద చెయ్యేసి
ఒక అంబారీ, రెండు ఎడ్లబళ్లు,
మిగిలిన ముక్కల్లో చిలకలు, అని లెక్కేసుకుని
వట్టి చేతుల్తో దిగిపోయాడు.

ఇక కెజియా.
ఇబ్రహీంపట్నం పిల్ల. కానిస్టేబుల్ ఈవెంట్లకి
పదహారొందల మీటర్లు కొట్టాలి.
రోడ్డు మీద పరిగెడితే బూడిద లారీలు,
లారీల వెనక హారన్లు,
హారన్ల వెనక మాటలు.
"ఇక్కడైతే ఉడతలే చూస్తాయన్నా" అంది.
రోజుకి ముప్పై అంటే నెలకి తొమ్మిది వందలు.
వేళ్ల మీద లెక్కపెట్టి, నా వైపు చూడకుండా
వెనక్కి తిరిగింది.

కల్వర్టు అవతల కంచెకి ఒక కంతుంది.
కట్టమని తీగిచ్చి ఎనిమిది నెలలు.
చుట్ట నా మంచం కిందే తుప్పు రాలుస్తోంది.
ఈ రెండు ముక్కలే ఆ పిల్ల వినేట్టు
గాలితో అన్నాను.

మొన్న రేంజరుగారొచ్చారు.
బాట మీద ఉత్త కాళ్ల ముద్రలు,
వేళ్లు లోతుగా దిగి, మడమ ఆననివి.
"ఏంటయ్యా ఇవి?"
"ఎలుగుబంటేమో సార్."
ఆయన గొంతుక్కూర్చుని జానతో కొలిచారు.
తలెత్తి చూశారు.
"ఎలుగుబంటి చెప్పులు విప్పి
కొమ్మకి తగిలిస్తుందా?"

నేను థర్మల్ గొట్టాల వైపు తిరిగి
పొగ ఎటు పోతోందో చూశాను.

ఆయన చెప్పులు దించారు. గులాబీ రంగువి,
ఒకదానికి పిన్నీసు.
అడుగున అంటిన బూడిద దులిపి
అదే కొమ్మకి,
మేకలందనంత ఎత్తులో, మళ్లీ తగిలించారు.

జీపెక్కుతూ, ఆ తీగ సంగతి చూడు అన్నారు.
చూస్తూనే ఉన్నాను సార్,
రోజూ పడుకునేముందు.