చెవిలోని అక్క

నీ పేరు నాకు తెలీదు.
నాకిచ్చే కాగితాల మీద అది ఉండదు.
ఇరవై రెండేళ్లుగా
నా ఎడమ చెవిలో నువ్వు మాట్లాడతావు,
నేను నోటితో నీ వెనకే నడుస్తాను.

గూడూరులో తెల్లారకముందే రైలు.
ముందురోజు ఇంట్లో చేపల పులుసు దించినా
నాకు మిరియాల చారే.
నిమ్మకాయల ఊళ్లో పుట్టి
నాలిక్కి పులుపు తగలనివ్వని మనిషిని నేనొక్కదాన్నే.
దొరవారిసత్రం దాటినా ఎవరితోనూ మాట్లాడను.
మూగదాన్ననుకుని ఒకావిడ
సైగలు చేసి మరీ కిటికీ పక్కన చోటిచ్చింది.

కోడంబాక్కంలో, గాలాడని ఆ గదిలో
మొదటిసారి విన్నప్పుడు నువ్వు
పన్నెండేళ్ల పిల్లాడివి. టోమా.
వెదురు కత్తి, చీమిడి ముక్కు.
ఆ గొంతు నా దగ్గర లేదు.
మా నిమ్మ యార్డులో కాయలెంచే మస్తాన్ దగ్గర
అడక్కుండా అరువు తెచ్చుకున్నాను,
"లాభం... రెండూ... మూడూ..."
మస్తాన్‌కి ఇప్పుడు మీసాలు, ఆటో, ఇద్దరు కూతుళ్లు.
టోమాకి పన్నెండే.

తర్వాత నువ్వు మంచుకొండ మీద నక్కవి.
నక్కకి తోకుంటుంది,
గొంతులో దాన్నెక్కడ పెట్టాలి?
నువ్వు మాట చివర పెట్టావు,
నేనూ అక్కడే పెట్టాను.
పిల్లల్ని మింగే మంత్రగత్తెవి:
కుళాయి దగ్గర మా పెద్దత్త పనికొచ్చింది, ఆమెకి చెప్పలేదు.
ఇనుప మనిషివి:
"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని
గూడూరు జంక్షన్ మైకు అన్నంత చల్లగా
లోకాన్ని కాల్చేస్తానన్నావు.
ఒకసారి ఉత్త కాగే నీళ్లవి.
దానికీ డబ్బులిచ్చారు.

నీ భాష ఒక్క ముక్క రాదు నాకు.
కానీ నీ వాక్యంలోనూ క్రియ
పంక్తిలో ఆఖరున కూర్చునే ఇంటావిడలా
అందరి తర్వాతే వస్తుంది.
నీ మాటలూ దాదాపుగా అచ్చులోనే ఆగుతాయి.
అందుకే నీ బొమ్మ నోరు మూసేవేళకి
నా మాట ఇల్లు చేరుతుంది.

ఒకే ఒక్కసారి జారాను.
కత్తి విరిగినప్పుడు టోమా
"ఏందబ్బా ఇదీ!" అన్నాడు.
డైరెక్టరు నవ్వి ఉంచేశాడు.
నీకెవరూ చెప్పి ఉండరు:
ఒక్క క్షణం నువ్వు నెల్లూరు జిల్లా పిల్లాడివి.

కొన్నేళ్లుగా ఇంకోటి వింటున్నాను.
నీ ఊపిరి ఒక మాట ముందే అయిపోతోంది.
కాగితం మీద నేను పెన్సిల్‌తో పెట్టే గీత
ఏడాదికింత ఎడమకి జరుగుతోంది.
గదిలో ఎవరూ గమనించలేదు.
నాకూ అక్కడే అయిపోతోంది కాబట్టి
నేనూ చెప్పలేదు.

ఈ ఎండాకాలం కొత్త కథ వచ్చింది.
టోమాకి ఎవరో లేత గొంతు, బాగుంది.
ఇక్కడా ఓ ఇంజనీరింగ్ పిల్లని తెచ్చారు.
నువ్వెక్కడని వెతికాను.
ఆఖర్లో తలుపు తీసిన ముసలామె.
వాడి అవ్వ.
ఒకటే మాట: వాణ్ని పేరు పెట్టి పిలవాలి.

పిలిచే ముందు ఆగావు.
కాగితంలో లేదు ఆ ఆగడం,
బొమ్మ పెదవులైనా కదల్లేదు.
ఇన్నేళ్లూ ఎవరు పిలిచినా నువ్వు పలికిన పేరు
ఇప్పుడు గుమ్మంలో నిలబడి
నువ్వే పిలవాలి.

"ఆ ఖాళీ కోసేద్దామా మేడం?"
అద్దం అవతల్నుంచి కుర్రాడు.
వద్దన్నాను.
అంతసేపూ ఆగాను,
నువ్వు ఆగినంతసేపూ.
తర్వాత ఇద్దరం పిలిచాం.

రాత్రి గూడూరులో దిగేసరికి
యార్డు దగ్గర లారీకి బస్తాలెక్కిస్తున్నారు,
ఎవడో కొత్త పిల్లాడు "లాభం" అంటున్నాడు.
ఇంటికొచ్చి
నిన్నటి చేపల పులుసు అన్నం నిండా పోసుకున్నాను.
గొంతు మండింది.
మండనీ.

అక్కా,
ఆ రోజు నువ్వు ఇంటికెళ్లి
ఏం తిన్నావు?