ఎవరెక్కడ నిలబడ్డరు

హన్మకొండ చౌరస్తాల సెల్లు దుకాణం ముంగట
చెప్పులు విడువాల్నా వద్దా అని జరసేపు ఆగిన.
లోపల అద్దం కింద
కందిగింజలంత ఇయర్‌ఫోన్లు, నల్లయి, తెల్లయి.
"ఎంతల చూపియ్యాలె అంకుల్?"
మెడల కార్డు మీద రవళి అని ఉన్నది.
"ఎంతల అని కాదు బిడ్డా,
ఎవరెక్కడ నిలబడ్డరో తెల్వాలె."

డీజే బండ్లొచ్చి మా బ్యాండు ఇంటికి పోకముందు
శివనగర్ రేకుల షెడ్డుల
యాకూబ్ పాషా కొడుకు రెండు మైకులు పెట్టి
ఒక పొద్దటి ప్రాక్టీసు పట్టిండు.
అది నా ఫోన్ల ఉన్నది. అదే పెట్టుమన్న.

మొదటి జత. "బాస్ మస్తుంటది" అన్నది.
ఉన్నది. అంతా నా పెద్ద డోలే,
కడుపుల రోకలి దంచినట్టు.
యాకూబ్ క్లారినెట్టు యాడనో
బురదల దిగబడ్డ మేకపిల్ల లెక్క ఒర్రుతున్నది.
నిజం చెప్తున్న, సంబురమే అయింది.
ముప్పయేండ్లు బారాతుల ఎనుక నడిచినోన్ని
పెండ్లికొడుకు గుర్రం ముంగటికి తెచ్చి నిలబెట్టినట్టు.
కానీ పాట ఏది?

రెండోది తళతళ.
తాళాలు గచ్చు మీద స్టీలు పళ్లేలు.
ప్రకాశం ట్రంపెట్టు పంటినొప్పి.
నా డోలు మీద ఎవరో తడి తువ్వాల కప్పిన్రు.

మూడోది నాలుగువేల ఎనిమిదివందలు.
"దీంట్ల స్టేజీ పెద్దగుంటదంకుల్."
"మాకు స్టేజీ యాడిది బిడ్డా, రోడ్డు మీదోళ్లం."
నవ్వి, రబ్బరు మూతలు మార్చింది,
ఎడమ చెవికి చిన్నది, కుడికి నడిమిది.
రెండు చెవులు ఒక్కతీరు ఉండయంట.
యాభై నాలుగేండ్లకు ఎరుకైంది.

షెడ్డు తలుపు తెరుచుకున్నది.
ఎడమకు యాకూబ్,
ఊదేముందు పెదవి తడుపుకున్న సప్పుడుతోని సహా.
కుడికి ప్రకాశం, ఒక అడుగు ఎనుక.
రేకు మీద ఉడుత ఉరికింది.
గోడ అవతల గూడ్సుబండి
ఎడమ చెవిల ఎక్కి కుడి చెవిల దిగింది.
నడుమ కొంరెల్లి, చిన్న డ్రమ్ము,
మొదటి చినుకులు పడ్డట్టు సాఫుగ.
వాని ఎనుక
జానెడు ఆలస్యంగ
నేను.

మల్ల పెట్టమన్న.
మల్ల నేనే.

మడికొండ పెండ్లిల, అందరు చూస్తుండంగ,
"నడక తప్పుతున్నవ్ రా" అని
వాని చేతుల పుల్లలు గుంజుకున్న.
వాడు ఏమనలే.
తెల్లారి ఐదింటికి వచ్చి డ్రమ్ము భుజానికేసుకున్నడు.

మూడో చరణం కాడ ఇంకోటి వినబడ్డది.
వాడు ఆగిండు. ఒక్క రెప్పపాటు.
నేను వచ్చి అందుకునేదాక ఆగి
అప్పుడు పుల్ల ఏసిండు.
ఇన్నేండ్లు ఆ సందు
ఏ స్పీకర్ల వినబడలే.

"బాస్ చాలలేదా అంకుల్?
మొదటిదే తీస్కోరాదుండ్రి, సగం ధరే."
మొదటిది మల్ల చేతుల పట్టుకున్న.
అల్కగున్నది, మంచిగున్నది.
దాంట్ల నేను ఎన్నడు తప్పలే.

పైసలు రెండుసార్లు లెక్కపెట్టి మూడోది తీసుకున్న.

కాజీపేటల కొంరెల్లి మిర్చి బండి.
ఆటోల పోతుంటే అనిపించింది,
చెరొక చెవిల పెట్టుకుందాం,
ఎడమది వానికిస్తే యాకూబ్ మాత్రం వినబడతడు,
ముచ్చట ఒడుస్తది.
సగం షెడ్డు చూపెట్టి మొత్తం అని చెప్పుడు
నాకు వచ్చిన విద్యనే.

రెండూ ఇచ్చిన.
శనగపిండి చేతులు లుంగీకి తుడుసుకొని పెట్టుకున్నడు.
జల్లిగంటె మూకుడు అంచు మీద
దానంతటదే నడుస్తున్నది.
మిర్చీలు మాడుతున్నయి. ఎవరో కసిరిన్రు.
నేను వాని మొకం చూడలే, గంటెను చూసిన.
మూడో చరణం కాడ
గంటె గాలిల ఆగింది,
ఒక్క రెప్పపాటు,
తరువాత పడ్డది.

తీసి నా చేతుల పెట్టిండు.
"మంచిగున్నయ్ రా" అన్నడు,
"కానీ బాస్ జర తక్కువున్నది."