గింజల చప్పుడు

బ్రాడీపేట నాలుగో లైనులో
ఆఖరి ఆటో వెళ్లిపోయాక
ఫ్యాను కట్టేస్తాం.
మే నెల. చెమటకి బనీను వీపునంటుకున్నా సరే,
ఈ పనికి ఫ్యాను రెక్క కూడా అడ్డొచ్చే వాయిద్యమే.
ఇన్వర్టరు మూలుగుతుందని
మస్తాన్‌వలీ దాని వైరు కూడా పీకేశాడు.

ఒకే పాట, రెండు సీడీలు.
ఒకటి టోక్యోది: నడుముకి కాగితప్పట్టీ,
దాని మీద ఎటువైపు పైనో తెలియని అక్షరాలు.
రెండోది లండన్‌ది: కొత్తగా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి
‘ఇరవై నాలుగు బిట్లు’ అని నుదుట రాయించుకుని వచ్చింది.

నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు.
ఏది పెడతాడో చెప్పడు.

మొదటిది.
గదిలో ట్యూబులైట్లన్నీ ఒక్కసారి వెలిగినట్టయింది.
డ్రమ్ము నా రొమ్ము మీదే కొట్టారు.
‘ఇదే! ఇదే జపానుది!’ అన్నాను,
నెల జీతంలో సగం పోసిన మనిషి గొంతుతో.

రెండోది.
ముందు సన్నగా టేపు బుస.
పాట ఎక్కడో పక్కింట్లో.
పెంచమన్నాను. ఇంకాస్త పెంచమన్నాను.
అప్పుడొచ్చింది
వాళ్లు పాడిన గది.
ఎవరో కుర్చీ జరిపారు.
పల్లవికి ముందు అతను ఊపిరి పీల్చాడు,
కాలవలోకి దిగబోయేవాడిలా.

మళ్లీ మొదటిది పెట్టించాను.
ఊపిరి లేదు.
బుసని ఊడ్చిన చీపురే దాన్నీ ఊడ్చేసింది.

మస్తాన్ నవ్వలేదు.
యార్డులో సరుకు చూసే వాళ్ల నాన్న సంగతి ఎత్తాడు.
‘నూనె రాసిన కాయ దూరం నించే ఎర్రగా పిలుస్తది.
మా అబ్బ రంగు చూసేవాడు కాదు,
ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించేవాడు.
గింజ గలగలమంటే ఆరిన కాయ.
మోగలేదా, బస్తా పక్కకి.’

నిజం ఒప్పుకోవాలి:
తెనాలి బస్సులో, చెవిలో ఇయర్‌ఫోన్లతో,
నాకు లండన్‌దే కావాలి.
ఆ హారన్ల మధ్య ఎవడి ఊపిరి ఎవడికి వినపడుతుంది?

ఒంటిగంట దాటింది. మారుస్తూ మారుస్తూ
ఈసారి ఏది పెట్టాడో వాడే మర్చిపోయాడు.
చెప్పబోతుంటే కరెంటు పోయింది.

చీకట్లో సీడీ
తిరిగి, తిరిగి,
ఆగుతున్న చప్పుడు.
ఇద్దరం కదలకుండా
దాన్నే విన్నాం.