పొల్లు పోకుండా

సియోల్. నాలుగో అంతస్తు, పెద్ద కోర్టు హాలు.
నా కుర్చీ న్యాయమూర్తుల బల్ల కింద, ఒక మెట్టు దిగువన.
పేరు మేంగ్ ఇన్‌సుక్. ఇరవై ఆరేళ్ళుగా
మందిమాటలు వేళ్ళతో వింటున్నాను.

మా యంత్రం మీద అక్షరాలు వరసగా కొట్టరు.
ఎడమ చేతికి హల్లు,
బొటనవేళ్ళకు అచ్చు,
కుడి చేతికి పొల్లు.
మూడూ ఒక్కసారి దిగితేనే అక్షరం.
ఒంటిచేత్తో ఎంత గట్టిగా నొక్కినా
తెర మీద పడేది ఒక మూలుగు.

ఎదురుగా ఆయన.
మొన్నటిదాకా ప్రతి ఆఫీసు గోడమీదా ఉన్న ముఖం,
మేకు గుర్తు మిగిల్చి దిగిపోయింది.
టై లేదు. కోటు బొత్తాం ఒకటి తప్పు కాజాలో దూర్చుకున్నాడు.
పదవి వసంతంలోనే ఊడింది.
ఇక మిగిలింది నేరం.

"సభ తలుపులు పగలగొట్టమని చెప్పారా?"
"జ్ఞాపకం లేదు."
"ఈ జాబితా ఎవరి చేతిరాత?"
"జ్ఞాపకం లేదు."
నలభయ్యోసారి తర్వాత
ఆ రెండు మాటలకూ కలిపి ఒక పొట్టి గుర్తు కట్టుకున్నాను.
ఇప్పుడు ఒక్క దెబ్బకే వస్తాయి.
ఆయన నోరు తెరిచేలోపే నా వేళ్ళు సిద్ధం.
అందుకు కాస్త సిగ్గుగా ఉంది.

నాకు జ్ఞాపకమే.
ఆ రాత్రి నలభై క్యాబేజీలు నడిమికి కోసి
స్నానాల గదిలో ఉప్పు పట్టిస్తున్నాం, అమ్మా నేనూ.
టీవీలో ఆయన కాగితం చూసి చదివాడు,
దేశానికి ఆపదట, అందుకని
దేశాన్ని తన జేబులో పెట్టుకుంటున్నాడట.
అమ్మ గుప్పిట్లో ఉప్పు అలాగే ఉండిపోయింది.
ఎనభై ఒక్కేళ్ళ మనిషి
లేచి వెళ్ళి గొళ్ళెం పెట్టి,
నా బూట్లు తీసి బియ్యం డబ్బా వెనక దాచింది.

ఆ దాచడం పాతది.
నాకు ఆరేళ్ళప్పుడు,
ఇంకో ప్రకటన, ఇంకో కంచె చేను మేసిన ఏడు,
నాన్న బొగ్గు బిళ్ళలు కొనడానికి వెళ్ళాడు.
అమ్మ ఎక్కిన ప్రతి గడపలోనూ
ఒకే జవాబు టైపు కొట్టి ఇచ్చారు:
వివరాలు లేవు.
ఎవరు కొట్టారో, ఎంత అందంగా కొట్టారో!
ఒక్క అక్షరం తప్పు పోలేదు.

నేను ఇంటి స్లిప్పర్లతోనే వెళ్ళాను.
వంతెన దాటేసరికి జనం, జనం.
ఒక ముసలాయన సైనిక వాహనం ముందు
విప్పిన గొడుగుతో నిలబడ్డాడు. వాన లేదు.
మీసం మొలవని సిపాయి ఒకడు
ఏడుస్తున్నాడో, చలికి ముక్కు కారుతోందో,
ఇద్దరం ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నాం.
లోపల, గోడలు దూకి వచ్చినవాళ్ళు చేతులెత్తారు.
తెల్లారేసరికి ప్రకటన చెల్లని కాగితం.
ఇంట్లో క్యాబేజీ కడిగే దిక్కు లేక
ఆ ఏటి కిమ్చీ అంతా ఉప్పు కషాయం.
పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు.
"తిను. రుజువు పారేస్తారా ఎవరైనా?"

ప్రాసిక్యూటర్ అద్దాలు తీసి అడిగాడు:
"జనం చచ్చిపోతే ఏమవుతుందని
ఆ రాత్రి ఒక్కసారైనా అనుకున్నారా?"
ఆయన గ్లాసెత్తాడు. తాగాడు. దించాడు.
నా వేళ్ళు ఆ పొట్టి గుర్తు మీద వంగి ఆగాయి.
పద్నాలుగు సెకన్లు.
దగ్గు రాయకూడదు, నీళ్ళు రాయకూడదు, అది నియమం.
మౌనానికి మాత్రం బ్రాకెట్లో ఒక మాట ఉంది.

రాత్రి అమ్మ అడిగింది, ఏమన్నాడని.
ఏమీ అనలేదన్నాను.
"అది రాశావా?"
రాశాను.
"పొల్లు పోకుండా?"
మౌనానికి పొల్లు ఎక్కడుంటుందమ్మా, అనబోయి
జాడీ అడుగున మిగిలిన కిమ్చీ తీసి
రెండుసార్లు కడిగి పళ్ళెంలో పెట్టాను.
ఇంకా ఉప్పగానే ఉంది.