ముంచడానికి కొన్న పడవ

ఆర్డరు కాగితం జెట్టీ స్తంభానికి అంటించారు.
చదువొచ్చినవాడు చదివాడు, రానివాళ్ళం విన్నాం.
పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా
పున్నమి ఘాటు మొదలు లంక కొస వరకు
పడవలు, పుట్లు, లాంచీలు తిరగరాదు.
భద్రత కోసం.

నా చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర,
మెడలో విజిలు, ఒంటి మీద నారింజ జాకెట్టు.
దాని చంకల్లో ఎవరిదో నిన్నటి చెమట.
రోజుకి ఎనిమిది వందలు, ఒక బిర్యానీ పొట్లం.
పాతికేళ్ళు జనాన్ని ఏరు దాటించినవాణ్ణి,
ఇవాళ ఆపినందుకు కూలి.

మొదట ఆపింది మా బావమరిదినే.
రాత్రి వేసిన వల అవతలి ఒడ్డున ఉంది.
"ఎండెక్కితే చేప ఉబ్బిపోద్ది బావా" అన్నాడు.
విజిలు ఊదాను.
నోట్లో విజిలుంటే జవాబు చెప్పక్కర్లేదు,
అదొక సుఖం.

తర్వాత నాంచారమ్మ.
తెల్లారకుండానే వచ్చి తోటకూర అమ్ముకుంది,
ఇక లంకకి పోవాలి.
"గేదెని కట్టేసొచ్చానయ్యా, కుడితి పెట్టలేదు.
చుట్టూ కృష్ణమ్మ, మజ్జలో అది దాహానికి అరుస్తా ఉంటది."
జనరేటర్ వ్యాను నీడలో ఖాళీ గంప బోర్లించుకుని
దాని మీద కూర్చుంది. నా వైపు చూడలేదు.

వరదలో పడవ మునగాలట. హీరో దూకాలట.
బ్యారేజీ గేట్లు మూసి ఉన్నాయి,
నీళ్ళు గిన్నెలో పాలల్లే కదలకుండా ఉన్నాయి.
ఫైరింజను వాన కురిపించింది.
ఎండలో ఆ వానకి కొండ ముందు
అడగని ఇంద్రధనుస్సొకటి లేచింది.
"అది ఫ్రేములోకి రాకూడదు" అని అరిచారెవరో.

ఆ పడవ నాగిడి బాబాయి కట్టింది.
మద్ది చెక్క, రాగి మేకులు,
సందుల్లో దూది, దూది మీద గుగ్గిలం.
ఆయన పోయి పదేళ్ళు.
కొడుకు నలభై వేలకి అమ్మాడు,
ముంచడానికని తెలిసే.

డ్రిల్లు పట్టుకొచ్చిన కుర్రాడు అడుగున నాలుగు చిల్లులు పెట్టాడు.
యాక్షన్ అన్నారు.
పడవ నిండింది. అంచుల దాకా నిండింది.
నిండి, అక్కడే ఆగింది,
ముక్కు మాత్రం పైకెత్తి, ఎవరో పిలిచినట్టు.
ఇసక బస్తాలు ఆరు వేశారు.
ఇంకో ఆరు వేశారు.
హీరో గొడుగు కింద రెండోసారి టీ తాగాడు.
"దీన్ని కట్టినోడెవడయ్యా!" అంది మైకు.
ఒడ్డున మావాళ్ళంతా పగలబడి నవ్వారు.
ఆ తర్వాత నవ్వలేదు.
బాబాయి కొడుకు జేబులో పెట్టిన చెయ్యి
బయటికి తియ్యనే లేదు.

నాలుగున్నర అయింది.
గాలి ఇటు మళ్ళినప్పుడు
లంక నుంచి గేదె అరుపు,
నిజంగానో, నాకలా అనిపించిందో.
నాంచారమ్మ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది.

నాకు తెలుసు అది ఎందుకు మునగదో.
పదేళ్ళప్పుడు దూది అందించింది నేనే.
ముక్కు కింద, రెండో పలక వెనక
నాలుగు వైపులా గుగ్గిలం పెట్టి మూసేసిన చిన్న గది.
ఏం దాచావు బాబాయ్ అంటే
"గాలి" అన్నాడు.
"ఎప్పుడన్నా పనికొస్తది."

వెళ్ళి చెప్పాను.
కుర్రాడికి చోటు దొరక్కపోతే
వేలు పెట్టి చూపించాను కూడా.

చెక్క పగిలినప్పుడు
లోపలి నుంచి ఒక ఊపిరి వచ్చింది.
ముప్పై ఏళ్ళ కిందటి గుగ్గిలం వాసన.
నా ఒక్కడికే అందింది,
మిగతావాళ్ళు కెమెరా వైపు చూస్తున్నారు.

ఒక్క టేకులో ఓకే అయింది.
చప్పట్లు కొట్టారు.
ఆర్డరు టైముకి ఇంకా ముప్పావుగంట ఉండగానే
ఏరు వదిలేశారు.

నాంచారమ్మని నేనే లంకకి తీసుకెళ్ళాను,
డబ్బులు తీసుకోలేదు.
ఆ చోటికి రాగానే తెడ్డు పైకెత్తి పట్టుకున్నాను.
పడవ తన ఊపుకి తనే దాటింది,
తెడ్డు కొసన చుక్కలు ఒకటొకటిగా రాలాయి.

"ఏం, ఎందుకాపావు?" అంది.

విజిలు
అప్పటికే వెనక్కిచ్చేశాను.